గోరంట్ల మజిలీ

హిందూపురపు చింతపండు మండీల పులుపు వాసన వెనుకబడి, లేపాక్షి మార్గమునకు ఇరుప్రక్కల మల్బరీ తోటల పచ్చదనము కనబడ నారంభించిన వేళకు, మా జీపు తన బాధను ఇక దాచుకొనజాలని స్థితికి వచ్చెను. బయలుదేరినప్పుడు అది కేవలము ముసలితనపు వణకని మేమిరువురమును సరిపెట్టుకొంటిమి. పది మైళ్ళు సాగునప్పటికి వెనుక వచ్చు లారీ అద్దములో రెండు లారీలై కనబడుచుండెను. గేరురాడు పూనకము వచ్చినట్లు ఊగుచుండెను. తమ్ముడు చెప్పు మాట నాకును, నేను చెప్పు మాట తమ్మునికిని సగమే చేరుచుండెను.

నా తమ్ముని కుమార్తెకు మాఘమాసమున వివాహము నిశ్చయమైనది. మొదటి శుభలేఖను గోరంట్ల మాధవరాయస్వామి సన్నిధిని ఉంచి, అటనుండి పెనుకొండ మీదుగా ధర్మవరము చేరి, పెండ్లికూతురికి పట్టుచీరలు తీసికొని రావలెనని మా సంకల్పము. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము మూడును బెంగుళూరు నుండి గుంతకల్లు పోవు రైలుదారి మీదనే యున్నవి గనుక, సుఖము కోరువాడు రైలెక్కి కూర్చుండిన చాలును. కాని మా తండ్రిగారు చింతపండు, వేరుసెనగ బేరములకై ఈ సీమయంతయు ఏ జీపులో తిరిగిరో, ఆ జీపులోనే మనుమరాలి పెండ్లిచీరలు ఇంటికి రావలెనని తమ్ముడు పట్టుపట్టెను. నాకును కాదనుటకు మనసొప్పలేదు.

అది మహీంద్రావారి ఎం.ఎం. 540. రెండవ ప్రపంచ సంగ్రామమున సైనికులను మోసిన విల్లీస్ జీపు వంశములోనిదే. 1945లో స్థాపితమైన ఆ కంపెనీ, 1947లో బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చుటతో మన దేశమున ఈ వంశమునకు నాంది పలికినది. అటుపిమ్మట రాయలసీమలో తహసీలుదారు మొదలు పట్టుగూళ్ళ మూటలు మోయు రైతు వరకు జీపెక్కని వాడు లేడు. మా బండి ముందుతొట్టిలో నున్నది ప్యూజో డీజిలు ఇంజను. సిలిండర్లు నాలుగు, ఒక్కొక్కదాని వ్యాసము 90 మిల్లీమీటర్లు, పిస్టను నడక 83 మిల్లీమీటర్లు, మొత్తము 2112 ఘన సెంటీమీటర్లు. దాని గేరురాడు పిడికి మా తండ్రిగారు తుండుగుడ్డ పేలిక నొకదానిని చుట్టి కట్టియుండిరి. ఆయన పోయి యేండ్లు గడచినను ఆ పేలికను మేము విప్పలేదు. చెమటకు చేయి జారకుండుటకై కట్టుకొన్నారని మా యెరుక.

లేపాక్షిలో ఒక గడియ యాగితిమి. అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన ఆ వీరభద్రాలయమును ఎన్నిసార్లు చూచినను, వ్రేలాడు స్తంభము వద్ద బాలునివలె వంగి చూడక వచ్చుట నాకు సాధ్యము కాదు. మండపపు స్తంభములన్నియు నేలపై నిలిచి కప్పును మోయుచుండగా, ఆ యొక్క స్తంభము మాత్రము నేలకు పూర్తిగా ఆనక, అడుగున సన్నని సందు విడిచి నిలిచినది. యాత్రికుడొకడు తన కండువా కొసను ఆ సందున జొనిపి, ఆవలి ప్రక్కనుండి లాగి, తన పిల్లలకు చూపుచుండెను. అంత బరువునకును నేలకును నడుమ ఒక్క కండువా మందము! ఆ సన్నని సందు ఆ మధ్యాహ్నమే మరల నా కన్నుల యెదుటికి వచ్చునని అప్పుడు తలపలేదు.

జాతీయ రహదారిని దాటి, 2024 జనవరిలో కస్టమ్స్ శిక్షణాలయము వెలసిన పాలసముద్రపు సీమ గడచి గోరంట్ల చేరితిమి. గోరంట్ల యన్న పేరు చెవిని బడగానే గోరింటాకు తలపునకు వచ్చును. నంది కొండల ప్రాంతమున పుట్టి, గండికోట వద్ద పెన్నలో కలియు చిత్రావతి ఈ యూరి చెంతనే సాగును. సాగునని వ్రాయుట యలవాటుచేతనే గాని, మేము చూచిన దినమున అది తెల్లని యిసుకబాట. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడుటయే గొప్పయైన ఈ నేలలో నదికి నీరు అతిథి, ఇసుక గృహస్థు. 2022 ఏప్రిల్ 4న అనంతపురము నుండి విడివడి శ్రీ సత్యసాయి జిల్లా యేర్పడినను, ఇచ్చటి వృద్ధుల నోట ఇంకను అనంతపురము జిల్లాయే పలుకుచున్నది.

విజయనగర శిల్పరీతి నలరారు మాధవరాయస్వామి ఆలయములో శుభలేఖ నుంచి, పసుపు కుంకుమల తోడి ప్రసాదము గైకొని వెలికి వచ్చితిమి. జీపు నడిపి, అంగడివీధి మొదటిలో కాఫీకై నిలిపి ఇంజను నాపగా, అది ఊరక ఆగలేదు. ముక్కుత్రాడు లాగిన కోడెవలె ఒక్క ప్రక్కకు ఎగిరి, ధణేలుమని చాసీకి కొట్టుకొని, అప్పుడు నిలిచెను. ఆ చప్పుడునకు ప్రక్క షెడ్డులో ట్రాక్టరు క్రింద పరుండి పని చేయుచున్న వృద్ధ మేస్త్రీ తల వెలికి పెట్టి చూచెను.

"ఇంగోసారి స్టార్ట్ చెయ్యి సామీ," అని ఆతడు చేతులు తుడుచుకొనుచు వచ్చెను.

ఆతడు స్పానరు పట్టలేదు. కాఫీ కొట్టు నుండి స్టీలు గ్లాసెడు నీళ్ళు తెప్పించి, బల్లపరుపుగా నున్న మడ్‌గార్డు మీద పెట్టెను. ఇంజను నెమ్మదిగా ఆడుచుండగా గ్లాసులోని నీరు అలలుగా కూడ లేదు. వేడి పెనము మీద చిలికిన చుక్కలవలె చిందులాడుచుండెను. గ్లాసు తనంత తానే అంగుళ మంగుళముగా జరిగి మడ్‌గార్డు అంచునకు వచ్చెను. క్రింద పడకమునుపే మేస్త్రీ దానిని అందుకొని, తమ్మునితో బ్రేకు త్రొక్కిపట్టి, గేరు వేసి, క్లచ్చు కొంచెము కొంచెముగా విడువుమనెను. బానెటు తెరచియున్నది గనుక నేనును చూచితిని: ఇంజను ఎడమప్రక్క నుండి రెండు వ్రేళ్ళ యెత్తు లేచి, దభాలున పడెను.

"ఇంజన్‌ది తప్పేం లేదు సామీ. దాని కింద ఫౌండేషన్ సచ్చిపోయింది. ఫౌండేషన్ పోయినాక ఇల్లయితే ఏమి, ఇంజనయితే ఏమి, యాడ నిలబడ్తుంది?"

షెడ్డులవారి భాషలో ఫౌండేషన్ అనగా ఇంజనును చాసీకి పట్టియుంచు రబ్బరు దిమ్మ. రెండు ఇనుప పలకల నడుమ రబ్బరు నంటించి, పైపలకకు ఇంజనును, క్రిందిపలకకు చాసీని బోల్టులతో బిగింతురు. మా జీపులో అట్టివి మూడు: ఇంజను కిరుప్రక్కల రెండు, వెనుక గేరుపెట్టె క్రింద ఒకటి. మేస్త్రీ పాత పంచె పేలికను తీసి, ఎడమ దిమ్మ వద్ద ఇంజను బ్రాకెట్టునకును చాసీకిని నడుమ జొనుపజూచెను. అది దూరలేదు. ఇనుము ఇనుమును తాకినచోట అద్దమువలె మెరయు ఒరపిడి గుర్తు మాత్రము కనబడెను. లేపాక్షి రాతి క్రింద కండువాకు దొరకిన సందు, మా జీపులో పేలికకు దొరకలేదు. ఆ సందు కొరకే రబ్బరు పుట్టినది. రబ్బరు అణగిపోగా సందు మూసికొన్నది. సందు మూసికొనగా ఇంజను దెబ్బలన్నియు తిన్నగా చాసీకి, సీటునకు, మా యెముకలకు చేరినవి.

విడిభాగములు హిందూపురము నుండి రావలసియుండెను. మేస్త్రీ ఫోనులో చెప్పగా, అంగడివారు వానిని బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుదుమనిరి. అంతవరకు సంగటియు ఊరుబిండియు తిని, షెడ్డు ముందరి వేపచెట్టు నీడను కూర్చుంటిని. ఇంజను ఏల వణకును? అది రోగమా, దాని స్వభావమా? నాలుగు సిలిండర్ల, నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరుగునప్పటికి నాలుగు విస్ఫోటములు జరుగును. అనగా చుట్టు నొక్కింటికి రెండు దెబ్బలు. ఊరక ఆడునప్పుడు నిమిషమునకు 750 చుట్లు తిరుగునని కొన్నచో, సెకనుకు 25 దెబ్బలు. ప్రతి దెబ్బయు క్రాంకును ఒక ప్రక్కకు త్రిప్పగా, ఇంజను ఒడలు రెండవ ప్రక్కకు తిరుగజూచును. దీనికి తోడు పైకి క్రిందికి పరుగెత్తు పిస్టన్ల బరువు, ఎంత చక్కగా తూచి కూర్చినను, చుట్టునకు రెండుమార్లు ఇంజనును కుదుపకమానదు. కావున కంపము నిర్దోషమైన ఇంజనునకును కలదు. దానిని బండికి సోకనీయకుండుటయే ఆ రబ్బరు కొలువు.

ఆ కొలువు సులభమైనది కాదు. ఏ వస్తువైనను తనకు సహజమైన ఊపుతో ఊగును. ఊయలను దాని ఊపునకు సరిగా తోసినచో చిన్నబిడ్డ తోపునకును అది ఆకాశము నంటును. ఆ ఊపును మించిన వడితో తడబడ తోసినచో నిలిచినచోటనే నిలుచును. రబ్బరుపై కూర్చున్న ఇంజను సహజమైన ఊపు, అది కొట్టు దెబ్బల వడికంటె బాగుగా తక్కువగా ఉండవలెను. అప్పుడు దెబ్బలు రబ్బరులోనే అణగి, ఆవంత వేడిగా మారి పోవును. రబ్బరు గట్టిపడినకొలది ఆ ఊపు హెచ్చి దెబ్బల వడిని సమీపించును. ఒకనాటికి రెండును కలియగా, కంపము అణగుటకు మారుగా ఇనుమడించును. పోనీ, మిక్కిలి మెత్తని రబ్బరు వేయుదమన్నచో ఇంజను మితిమీరి ఊగి, ఫ్యాను రెక్కలు రేడియేటరును తాకును. సైలెన్సరు గొట్టపు అతుకులు పగులును. పాత విల్లీస్ జీపులలో క్లచ్చు త్రొక్కినప్పుడు ఇంజను ముందునకు జరుగకుండ ఒక తీగత్రాటితో కట్టియుంచెడివారు. మోయవలెను, కదలనీయవలెను, హద్దు మీరనీయరాదు: మూడు ధర్మములను ఒక్క రబ్బరు దిమ్మ నెరవేర్చవలెను.

గుడ్‌ఇయర్ 1839లో గంధకమును వేడిని చేర్చి రబ్బరును పదును పెట్టుట కనుగొనకున్నచో, ఈ దిమ్మ మన వేసవికి కరగి కారిపోయెడిది. అటుపిమ్మటను చాలకాలము వరకు ఇంజనులను చాసీకి గట్టిగా బిగించుటయే వాడుక. 1931లో అమెరికాలో క్రైస్లర్ కంపెనీ తన ప్లిమత్ కారులో, ఇంజను బరువు కేంద్రముగుండ పోవు గీటును గుర్తించి, ఆ గీటు చుట్టును అది ఊగునట్లు రబ్బరుపై నుంచి, దానికి తేలియాడు శక్తి యని పేరిడెను. మరుసటి యేడు ఫ్రాన్సులోని సిట్రోయెన్ ఆ హక్కును పొంది, నీటిపై తేలు హంసను దానికి చిహ్నముగా పెట్టుకొనెను. తాను కాళ్ళాడించుచున్నను పైకి నిశ్చలముగా కనబడు హంస కంటె ఆ పనికి తగిన గుర్తు మరియొకటి దొరకదు.

ఈ సంగతి మేస్త్రీకి చెప్పితిని. ఆతడు శ్రద్ధగా విని, వీధి కొళాయి నుండి బిందె నెత్తిన పెట్టుకొని పోవుచున్న ఒక ముసలమ్మను చూపెను. "మన ఆడోళ్ళు ఆ పని ఎప్పుడో కనుక్కున్యారు సామీ. చూడు, బిందె కింద సుట్టకుదురు. అది లేకుంటే బిందె నిలబడదు, నెత్తి బతకదు. మాయమ్మ పాత కోకగుడ్డతో సుడతావుండె. గట్టిగా సుడితే నెత్తి నొచ్చుతాదంటుండె, వదులుగా సుడితే బిందె జారతాదంటుండె." నేను కాగితము మీద చదివి గ్రహించిన దానిని ఆతడు తల్లి చేతిలో చూచి గ్రహించియుండెను. నాకంటె ఆతనికే అది బాగుగా తెలియునని ఆ క్షణమున నాకు నిశ్చయమయ్యెను.

రెండు గంటలకు బస్సులో పొట్లము దిగెను. మేస్త్రీ చక్రములకు రాళ్ళు అడ్డుపెట్టి, బ్యాటరీ తీగ విప్పి, ఆయిలు చాంబరు క్రింద జాకీ నుంచి, ఇనుము తిన్నగా తగిలినచో చాంబరు సొట్టపోవునని నడుమ ఒక చెక్కపలకను పెట్టెను. తుప్పు పట్టిన నట్లకు నూనె పట్టించి, అవి నానువరకు ఒక బీడీ ముగించెను. పిమ్మట జాకీని కొద్దికొద్దిగా ఎత్తుచు, రేడియేటరు గొట్టములు సాగుచున్నవేమో, ఫ్యాను ఎచ్చటనైన తాకుచున్నదేమో యని ప్రతి ఎత్తునకును ఆగి చూచెను. అంగుళము లేచినంతనే పాతదిమ్మలు ఒకటొకటిగా వెలికి వచ్చినవి.

మూడింటిని ఆతడు గోనెపట్ట మీద వరుసగా పేర్చెను. ఎడమది, పైనుండి చుక్కచుక్కగా కారిన ఇంజనాయిలులో నాని, ఉబ్బి, పలక నుండి ఊడివచ్చినది. వ్రేలితో నొక్కగా నల్లని మడ్డి అంటెను. కుడిది సైలెన్సరు వేడికి మాడి, వేసవిలో చెరువు అడుగువలె నెర్రెలు విచ్చినది. వెనుకది అసలు దిమ్మయే కాదు. ఎప్పుడో, ఏ యూరి షెడ్డులోనో, అవసరమునకు టైరుముక్కను కోసి పెట్టిన అతుకు. మేస్త్రీ క్రొత్తదిమ్మలోనికి బొటనవ్రేలి గోరు గ్రుచ్చి తీసెను. గోటి గుర్తు ఒక నిమేషము నిలిచి, మెల్లగా పూడుకొనిపోయెను. ఎండిన పాతదానిలోనికి గోరు దిగలేదు. "తిరిగి లేసేదే రబ్బరు సామీ. లేయకపోతే అది రాయి," అనెను. ఇంతకంటె గట్టిదేమైన వేసినచో చిరకాలము మన్నునుగదా యని తమ్ముడడుగగా, "మన్నుతాది, నువ్వు మన్నవు," అని ఆతడు శాంతముగా బదులిచ్చెను. ఒక్కటి పోయినను మూడింటిని కూడియే మార్చవలెననియు, క్రొత్తదాని నడుమ పాతది యున్నచో బరువంతయు ఒకదాని మీదనే పడి రెండును చెడుననియు చెప్పెను. నూనె కారుచున్న మూతకు గాస్కెట్టు మార్చక క్రొత్తదిమ్మ వేయుట ఓటికుండలో నీరు పోయుటయే యని, ముందుగా దానినే మార్చెను.

బ్రాకెట్లను ఇనుప బ్రష్షుతో తోమి, పగుళ్ళు లేవని వెలుతురునకు పట్టి చూచి, దిమ్మలను అమర్చి, బోల్టులను చేతివ్రేళ్ళతో మాత్రమే త్రిప్పి విడిచెను. జాకీ దించి, ఇంజను తన బరువుతో తాను కూర్చుండిన పిదప, దానిని స్టార్టు చేయించి, రెండు నిమిషములు ఆడనిచ్చి, ఆపించి, అప్పుడు గాని స్పానరుతో బిగించలేదు. మొదటనే బిగించినచో రబ్బరు మెలిపడి, పుట్టుకతోనే అలసిపోవునట! తన చోటును తానే చూచుకొననిచ్చి తరువాత కట్టివేయుటలోని ఓర్పు నన్ను ముగ్ధుని చేసెను. ఇట్టి విద్య ఏ పట్టా కాగితము మీదను లేదు. ఆ చేతులతో పోవును. ఆ షెడ్డులో నేర్చుకొనువాడొక్కడును కానరాకుండుట, ఆ దినమున నా మనసును కలచిన సంగతి.

కట్టకడపట మరల గ్లాసు తెప్పించెను. ఇంజను ఆడుచున్నది. నీటిమీద సన్నని వలయములు పుట్టుచు, అంచుల తాకి కరగుచున్నవి. గ్లాసు పెట్టినచోటనే యున్నది. మేస్త్రీ ఆ నీటినే ఎత్తి త్రాగి, గ్లాసును కాఫీ కొట్టునకు పంపెను.

పెనుకొండ దారిలో చాలసేపు మేమిరువురమును మాటలాడలేదు. మౌనమునకు కారణము మాటలు వినబడకపోవుట కాదు. ఇతర ధ్వనులు వినబడుటయే. చేలలో వేరుసెనగ కట్టె కుప్పవేయు కూలీల కేకలు, టైరు క్రింద కంకర నలుగుట, గాలి రుసరుసలు; ఏండ్లుగా ఇంజను మ్రింగిన దారి మాకు తిరిగి వచ్చెను. రక్కసి తంగడి యుద్ధము నాటి 1565 ప్రళయము తరువాత ఆరవీటి తిరుమలరాయలు రాజధానిగా చేసికొన్న పెనుకొండ దుర్గము సాయంతనపు టెండలో ఎఱ్ఱగా నిలిచియుండెను. అదే మండలములోని ఎర్రమంచి వద్ద 2019 నుండి కియా కార్లు తయారగుచున్నవి. నేటి కార్లు పెక్కింటిలో రబ్బరు లోపల ద్రవమును నింపిన దిమ్మలుండును. నేర్పు పెరిగినది గాని న్యాయము మారలేదు.

గగన్ మహలు చూచి, మరల బండి ఎక్కినప్పుడు, తమ్ముడు గేరు వేయబోయి, చేతిని ఆ తుండుగుడ్డ పేలిక మీద అట్లే యుంచెను. పిడి కదలకుండెను.

"అన్నా, నాయన దీన్ని చెమటకు కట్టుకున్యాడనుకుంటిమి కదా?"

నేను చేయి చాచి తాకితిని. గుడ్డ నాలుగు పొరలు. చెమటకైతే ఒక్క పొర చాలును. ఆయన చివరి యేండ్లలో భోజనమునకు కూర్చున్నప్పుడు కుడిచేతి వ్రేళ్ళను చాచుచు ముడుచుచు నుండుట నాకు జ్ఞప్తికి వచ్చెను. తిమ్మిరి యని ఒక్కనాడును మాతో చెప్పలేదు. టైరుముక్క వేయించిన దినమున ఇంట ఏ ఖర్చు వచ్చి పడియుండెనో, ఎవరి చదువు ఫీజు కట్టవలసియుండెనో మాకెన్నటికిని తెలియదు. రబ్బరు చేయవలసిన పనిని ఆయన చేయి చేసెను. దెబ్బను తనయందే అణచికొని, ఇంటికి సోకనీయలేదు.

ధర్మవరము చేరునప్పటికి దీపాలు వెలిగించిరి. నేతగాండ్ర వీధి మొదటిలో తమ్ముడు జీపు నిలిపి ఇంజను నాపెను. ఎగురు లేదు, ధణేలుమను చప్పుడు లేదు. నిద్రించు బిడ్డ నిట్టూర్పువలె ఒక్క చిన్న కదలికతో అది నిలిచెను. నిలువగానే, వీధి పొడవున ఇంటింటి గుంతమగ్గముల చప్పుడు మా చెవిని బడెను. నాడె పోవుచున్నది, పలక పడుచున్నది. తమ్ముడు గేరురాడు పేలికను పొర వెంబడి పొరగా విప్పి, మోకాలి మీద చదును చేసి, నాలుగు మడతలు పెట్టి, శుభలేఖల సంచిలో నుంచెను. పిమ్మట ఇరువురమును చీరల కొరకు దిగితిమి.